ఏసీ నీళ్ళ అరటి

మా నాన్నకి ఈ దేశంలో పడనివి రెండే రెండు. ఒకటి ఆగస్టు నెల, రెండోది సూపర్‌మార్కెట్ అరటిపండు. ఆగస్టుని ఏసీ వేసుకుని ఎలాగో గట్టెక్కేవాడు. అరటిపండు దగ్గరే ఇబ్బంది. "ఇది పండా? బొమ్మకి పసుపు రంగేసి అమ్ముతున్నారు," అనేవాడు. అంటూనే కొనేవాడు, అంటూనే తినేవాడు, తొక్క చెత్తబుట్టలో వేస్తూ మరోసారి అనేవాడు. కోనసీమలో పుట్టాడు కాబట్టి అరటి విషయంలో ఆఖరి మాట తనదేనని ఆయన నమ్మకం. నిజానికి అక్కడ తోట చేసింది మా పెదనాన్న. నాన్న చేసిందల్లా గెలల లారీల పక్కన నిలబడి కాలేజీ బస్సు కోసం ఎదురుచూడటం.

2020లో అందరూ ఇళ్ళలో కూర్చున్నప్పుడు నాన్న కూడా కూర్చున్నాడు. ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్. ఆఫీసులో ఏళ్ళ తరబడి గోడకి ఎదురుగా పనిచేసిన మనిషి. ఇంట్లో ఆయన లాప్‌టాప్‌కి కిటికీ పక్కన చోటు దొరికింది. గోడ చూసి చూసి ఉన్న మనిషికి కిటికీ ఇస్తే ఇలాంటివే జరుగుతాయి. మేముండేది అబుదాబిలో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో. ఒక విల్లాని ముక్కలు చేసి అద్దెకిస్తే కింది ముక్క మాది. కిటికీ బయట, కాంపౌండు గోడకీ పైకెళ్ళే మెట్లకీ మధ్య, మంచం పట్టేంత నేల ఉంది. నేల అని మర్యాదకి అంటున్నాను, ఇసుక.

అరవై దాటాక వీసా రెన్యూ చెయ్యబోమని కంపెనీ అప్పటికే చెప్పేసింది. ఆ రోజు రావడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. ఒక సాయంత్రం నాన్న లాప్‌టాప్ మూసి అమ్మనీ నన్నూ పిలిచి, గొంతు సవరించుకుని చెప్పాడు.

"వెళ్ళిపోయేలోగా ఆ మట్టిలో ఒక్క గెల కొయ్యాలి. మన చేత్తో పెంచిన గెల, మన పండు. అది తినే విమానం ఎక్కుతాను."

అమ్మ వంటింట్లోంచి తల తిప్పకుండా, "వెళ్ళేలోగా ముందు ఆ గీజరు బాగు చేయించండి," అంది.

నేను అప్పుడే చదువు ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్నాను. అంటే ఇంట్లో ఎవరికి ఏ ఆవేశం వచ్చినా పార పట్టుకునేది నేనే. ఆ చలికాలంలో నాన్నా నేనూ మీనా పోర్టు దగ్గర మొక్కల బజారుకి వెళ్ళాం. ఒక కొట్టు మూలన నల్ల ప్లాస్టిక్ సంచుల్లో మోకాలెత్తు మొక్కలున్నాయి. నాన్న ఒకదాని ముందు ఆగిపోయి, పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా దాన్ని పైనుంచి కిందికి చూశాడు. ఇది ఏ రకం అరటని కొట్టతన్ని హిందీలో అడిగాడు, "యే కౌన్‌సా కేలా హై?"

"ఖానేవాలా కేలా, సాబ్."

తినే అరటి. ఇంతకంటే స్పష్టంగా చెప్పడం ఎవరివల్లా కాదని నాకనిపించింది. నాన్నకి సరిపోలేదు. లేత ఆకుల మీద ఎర్రటి మచ్చలున్నాయి. వాటిని వేలితో రాస్తూ నా చెవిలో రహస్యంగా, "చక్కెరకేళిరా. వీడికి తెలీదు. మాట్లాడకుండా డబ్బులిచ్చేయ్," అన్నాడు. దొంగ బంగారం దొరికినట్టు ఇద్దరం గబగబా కారెక్కాం. కొట్టతను చేయి ఊపి మరీ సాగనంపాడు.

పై ముక్కలో నెల్లూరు భాయ్ ఉంటాడు. విల్లాల ఏసీలు బాగుచేసే మెకానిక్. మొక్క నాటిన సాయంత్రమే మెట్లు దిగి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని దాని చుట్టూ తిరిగాడు. తమ కంపెనీ గేటు ముందు కూడా అచ్చం ఇలాంటివే ఉన్నాయనీ, ఏళ్ళు గడిచినా పక్షి ముక్కులాంటి పువ్వు తప్ప వాటికి కాయన్నది రాలేదనీ చెప్పాడు. తర్వాత జాలిగా అడిగాడు.

"ఇది అరటేనంటావా అన్నా?"

నాన్న మొహం ఎర్రబడింది. అయినా పంతులుగారిలా నిదానంగానే వివరించాడు. షోకు మొక్కకి ఆకులు విసనకర్రలా రెండు పక్కలకే వస్తాయి. అరటికి చుట్టూ తిరుగుతూ వస్తాయి. భాయ్ వంగి చూశాడు. ఉన్న ఆకులే నాలుగు, అవి ఏ పక్కకి వస్తున్నాయో వాటికే ఇంకా తేలినట్టు లేదు. నాన్నకి పట్టుదల వచ్చింది. కింది ఆకు డొప్ప గిల్లి, కారిన పసరు తీసుకుని నేరుగా తన తెల్లచొక్కా మీద రాసుకున్నాడు. అరటి కర చొక్కాకి అంటితే జన్మలో పోదు. అది మన వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు.

అమ్మ ఆ చొక్కాని రాత్రంతా నానబెట్టింది, నిమ్మకాయ రాసింది, సోడాలో ముంచింది. మర్నాడు తీగ మీద ఆరేస్తూ గోధుమరంగు మరక నాన్నకి చూపించింది. "అరటే. రుజువైంది. ఇంకేమైనా నిరూపించాలంటే పాత బట్టలు కట్టుకోండి."

ఇక ఏ అరటి అన్నది మిగిలింది. నాన్న నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పెదనాన్న బొంత అరటి అన్నాడు, కూరకి తప్ప పనికిరాదన్నాడు. అత్తయ్య అమృతపాణి అంది. మా బాబాయ్ హైదరాబాద్ అపార్టుమెంట్లో ఉంటూ, ఎండకి ఆకు ముడుచుకున్న తీరు చూసి కర్పూర చక్కెరకేళి అని తేల్చాడు. పిన్ని గులాబీపువ్వుల మధ్య శుభోదయం పంపింది. నేను మొక్కలు గుర్తుపట్టే యాప్‌లో ఫోటో పెడితే అది మూడు జవాబులిచ్చింది: అరటి, మెట్టతామర, అల్లం. మా చుట్టాలకంటే దానికే కాస్త వినయం ఉంది. ఎంత మందడిగినా నాన్న మాత్రం ఒకటే మాట, చక్కెరకేళి.

పెంచడం మొదలయ్యాక తెలిసింది, అరటికి కావలసినవేవీ ఈ దేశంలో లేవని. మట్టి కొన్నాం. ఎరువు కొన్నాం. గాలి దుమారం వచ్చిందంటే ఆకులు దువ్వెన పళ్ళలా చీలిపోతాయి కనుక ఆకుపచ్చ వల కొని గోడకి కట్టాం. ఇక మిగిలింది నీళ్ళు. పంపునీళ్ళు మే నెలలో చేయి పెడితే కాలేంత వేడి. వాటితో తడిపితే వేళ్ళు ఉడికిపోతాయని నాన్న కిటికీ దగ్గర నిలబడి బాధపడుతుంటే, ఉపాయం చెప్పింది భాయ్. ఏసీలోంచి కారే నీళ్ళు చల్లగా, వాన నీళ్ళలాగా ఉంటాయి. పైనా కిందా అన్ని గదుల ఏసీ గొట్టాలూ ఒకే పైపులో కలిపి ఆ పైపుని మొక్క మొదట్లో వదిలాడు. ఆ వేసవంతా విల్లాలో ఎవరు ఎంత చల్లగా నిద్రపోతే మొక్క అంత పెరిగింది.

చిక్కు మళ్ళీ చలికాలంలో వచ్చింది. జనవరిలో ఎవరూ ఏసీ వెయ్యరు. నాన్న వేశాడు. అమ్మ శాలువా కప్పుకుని సోఫాలో ముడుచుకుని టీవీ చూస్తుంటే, ఆయన కిటికీలోంచి పైపు చివర చుక్కలు పడుతున్నాయో లేదో చూసేవాడు. ఆ వాతావరణానికి పంపునీళ్ళు కూడా చల్లగానే వస్తున్నాయని నేను చెప్పాను. "దానికి ఇవే అలవాటురా," అన్నాడు. కన్నకొడుకుని నేను, నా దుప్పటి అలవాటు గురించి ఎవరూ అడగలేదు.

అసలు యుద్ధం మాత్రం ఆకుల దగ్గర జరిగింది. ఎడారిలో ఒక ఇంట్లో అరటి చెట్టుందన్న సంగతి తెలుగువాళ్ళ ఇళ్ళల్లో పాకడానికి పెద్ద సమయం పట్టదు. మొదటి శ్రావణమాసంలోనే వరలక్ష్మీ వ్రతానికి ఒకావిడ వచ్చింది. ఒక్క ఆకు, కలశం కిందికి. అమ్మ కోసిచ్చింది. తర్వాత వినాయకచవితికి ఇంకొకరు, ఇంకొకరి ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి మరి రెండు. బొట్టు పెట్టించుకుని వెళ్ళడానికి వచ్చిన మనిషి పూజకి ఆకు అడిగితే లేదనడం అమ్మకి చేతకాదు. నాన్న ఆఫీసు మీటింగులో ఉన్నప్పుడే వాళ్ళంతా రావడం కాకతాళీయం కాదని నా అనుమానం. మీటింగు అయిపోయి బయటికొచ్చి చూస్తే చెట్టు గొడుగు లేని గొడుగుకర్రలా నిలబడి ఉండేది.

"అది ఊపిరి పీల్చుకునేది ఆకులతోనే. ఇట్టా కోసిస్తే గెల ఎక్కణ్ణుంచొస్తుందే?"

"దేవుడికిచ్చాను, దయ్యానికివ్వలేదు కదండీ."

"దేవుడికి అడ్రసు చెప్తాను, లులూ మార్కెట్ పక్కనే నర్సరీ ఉంది."

అప్పటినుంచి చక్కెరకేళి అన్న మాట నాన్న నోట ఇంకా ఎక్కువైంది. ఎవరైనా గేటు తీస్తే చాలు, కిటికీలోంచే మొదలుపెట్టేవాడు. ఇది మామూలు అరటి కాదు, అసలు సిసలు చక్కెరకేళి, ఈ దేశం మొత్తంలో దొరకదు, ఆకు ముట్టుకుంటే అలుగుతుంది. వచ్చినవాళ్ళు చెట్టుకి ఒక దణ్ణం పెట్టి, టీ తాగి వెళ్ళిపోయేవాళ్ళు. అమ్మ కూడా కత్తి తీసేముందు కొంచెం ఆలోచించడం మొదలుపెట్టింది.

2022 ఫిబ్రవరిలో ఒక ఉదయం మొవ్వులోంచి ఎర్రటి పువ్వు తల వంచుకుని బయటికొచ్చింది. నాన్న ఆఫీసుకి సెలవు పెట్టాడు. చేయాల్సిన పనేమీ లేదు, కుర్చీ వేసుకుని దాని ఎదురుగా కూర్చోవడం తప్ప. పువ్వు రేకు లేస్తే లోపల చిటికెన వేళ్ళంత కాయల అత్తం, ఇంకో రేకు లేస్తే ఇంకో అత్తం. అన్ని అత్తాలూ బయటపడ్డాక మిగిలిన పువ్వు కోసి అమ్మ ఆవ పెట్టి కూర చేసింది. నాన్న వేళ్ళ మీద నెలలు లెక్కేశాడు. గెల ముదరాలంటే మూడు నాలుగు నెలలు. వీసా గడువు మే ఆఖరు. జూన్ మొదటి వారంలో టిక్కెట్లు. లెక్క సరిపోయీ సరిపోనట్టుంది. ఇంకో సంగతి, గెల వేశాక అరటికి కొత్త ఆకు రాదు. అప్పుడున్న ఆకులే దాని సర్వస్వం.

అలాంటి సమయంలో ఉగాది వచ్చింది. ముందురోజు సాయంత్రం మొదటి వ్రతం ఆవిడే మళ్ళీ గేటు దగ్గర. వాళ్ళ అమ్మాయికి పెళ్ళయ్యాక మొదటి పండగట, అల్లుడికి ఆకులో వడ్డించాలట. అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న చెట్టు వైపు చూశాడు. నేను ఎవరి వైపూ చూడకుండా లోపలికెళ్ళి ఫ్రిజ్ తీశాను. అందులో ముందురోజు కొన్న సూపర్‌మార్కెట్ అరటిపండు ఉంది, స్టిక్కరుతో సహా. చాలా రోజులుగా ఒక అనుమానం తొలుస్తోంది. ఆవిడ వెళ్ళాక, ఉత్తచేతులతోనే వెళ్ళింది, నాన్నని పక్కకి పిలిచి ఆ పండుని గెలలో ఒక కాయ పక్కన పెట్టాను. అదే పొడవు, అదే వంపు, చివర అదే మొండి ముక్కు. ఒకే తల్లి పిల్లలు. ఒకడు మా ఇంట్లో ఉన్నాడు, ఒకడు స్టిక్కరేసుకుని ఉద్యోగంలో చేరాడు, అంతే తేడా.

"నాన్నా, ఇది చక్కెరకేళి కాదు. నువ్వు ఇన్నాళ్ళూ తిట్టిన ఆ పండే."

ఆయన కోప్పడతాడనుకున్నాను. కనీసం గుండె పట్టుకుంటాడనుకున్నాను. పండు నా చేతిలోంచి తీసుకుని, వొలిచి, కొరికాడు.

"తెలుసురా. నాటిన నెలకే తెలుసు. ఆ మచ్చలు ల్యాబులో చేసిన మొక్కలకొస్తాయని పెదనాన్న విడిగా ఫోన్ చేసి చెప్పాడు."

"మరి ఊరందరికీ చక్కెరకేళని ఎందుకు చెప్తున్నావ్?"

"మామూలు అరటంటే మీ అమ్మ ఆకు మిగులుస్తుందా?"

భ్రమలో ఉన్నాడనుకున్న మనిషి ఆకులకి కాపలా కాస్తున్నాడు. తొక్క నా చేతిలో పెట్టి, "ఏదైతే ఏం, మన మట్టిలో కాసింది. అమ్మకి చెప్పకు," అన్నాడు.

మే వచ్చింది. ఇంట్లో అట్టపెట్టెలు లేచాయి. గోడలకున్న ఫోటోలు దిగాయి. సోఫా ఎవరో పట్టుకెళ్ళారు. గెల బరువుకి చెట్టు వాలితే భాయ్ పాత ఏసీ స్టాండు తెచ్చి దన్ను పెట్టాడు. నాన్న రోజూ పొద్దున్నే కాయల అంచులు తడిమి చూసేవాడు. అంచులు గుండ్రబడితే ముదిరినట్టు. అవి మాత్రం మా టిక్కెట్లు చూడనట్టు తీరిగ్గా గుండ్రబడుతున్నాయి. ఒకరోజు ఆయన భోజనం దగ్గర, పచ్చిగానే కోసి అట్టపెట్టెలో ఇంటికి తీసుకెళ్ళిపోతే ఎలా ఉంటుందని అడిగాడు. అమ్మ ముద్ద ఆపింది.

"అబుదాబి నుంచి కోనసీమకి అరటికాయలు. గేటు దగ్గరే మీ అన్నయ్య మనల్ని వెనక్కి పంపించేస్తారు."

ఇక మగ్గబెట్టడం తప్ప దారి లేదు. ప్రయాణం ఇంకా వారం ఉందనగా గెల కోశాడు. పాతకాలంలో గోతిలో పెట్టి పొగ వేసేవాళ్ళట. ఇక్కడ పొగ వేస్తే ముందు ఫైరింజను వస్తుంది. భాయ్ చెప్పాడు, ఈ ఎండల్లో ఏసీ కట్టేసిన గదికి మించిన పొయ్యి లేదని. తన జీవితంలో ఒక గదికి ఏసీ వద్దని చెప్పడం అదే మొదటిసారట. ఖాళీ చేసిన స్టోర్‌రూములో గోనెపట్టా పరిచి, గెల పెట్టి, వీధిలోని వేపచెట్టు నుంచి నేను కోసుకొచ్చిన రెమ్మలు కప్పి, తలుపేశాం.

నాన్న పొద్దునా సాయంత్రం తలుపు తీసి, ముట్టుకుంటే కమిలిపోతాయని కళ్ళతోనే చూసేవాడు. పచ్చగా ఉండేవి. మూసేవాడు. మర్నాడు మళ్ళీ పచ్చగానే. ఇల్లు ఖాళీ అవుతున్న కొద్దీ ఆ తలుపు చప్పుడు పెద్దదవుతూ వచ్చింది. రేపు ప్రయాణమనగా కూడా గెల చెట్టు మీద ఉన్నంత పచ్చగా ఉంది. నాన్న ఆ గదిలోంచి బయటికొచ్చి సూట్‌కేసు మీద కూర్చున్నాడు. ఆయనతో ఏదైనా చెప్దామనుకున్నాను కానీ నాకొచ్చేవన్నీ జోకులే, ఒక్కటీ పనికొచ్చేలా లేదు.

"పోనీండి, ఖలాస్," అంది అమ్మ. "పండలేదు. అయితే ఏమైంది, కూర చేస్తాను. ఆఖరి భోజనం మన కాయతోనే చేద్దాం. భాయ్‌నీ వాళ్ళావిణ్ణీ పిలవండి."

నాన్న తలూపాడు. అమ్మ ఇంకా సర్దని ఒకే ఒక్క మూకుడు పొయ్యి మీద పెట్టి, నాలుగు కాయలు తెచ్చుకుని కత్తిపెట్టింది. పచ్చికాయ కోస్తే వచ్చే చప్పుడు రాలేదు. కత్తి వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది. అమ్మ కత్తి ఎత్తి చూసింది, కాయని నొక్కి చూసింది, తొక్క లాగింది. అది ఒకే లాగుకి ఊడొచ్చింది. ఇల్లంతా వాసన.

"ఏమండీ. ఇది పండు."

నాన్న లేచి వచ్చాడు. గదిలోకి పరిగెత్తి ఇంకో అత్తంలోంచి ఒకటి విరిచాడు. పండు. ఇంకోటి, పండు. పచ్చ తొక్క కింద గెల మొత్తం పండిపోయి ఉంది, ఎప్పటినుంచో ఏమో. వేడిలో మగ్గితే ఈ రకం రంగు మారదు. పసుపు రంగు రావాలంటే చల్లటి గదిలో, కంపెనీలు పెట్టినట్టు పెట్టాలి. వాళ్ళ ఊరి సంతలో ఈ అరటి పండినా పచ్చ తొక్కతోనే అమ్మేవాళ్ళని నాన్నకి అప్పుడు గుర్తొచ్చింది. పాతికేళ్ళుగా సూపర్‌మార్కెట్ని తిడుతూ, పండు పండిందని చెప్పడానికి మాత్రం ఆ సూపర్‌మార్కెట్ పసుపు కోసమే వారమంతా తలుపు తీసి చూశాడు. ఈ మాట నేను అనలేదు. ఆయనే అన్నాడు, నోటినిండా పండు పెట్టుకుని, తనని తాను తిట్టుకుంటూ, నవ్వుతూ.

ఎలా ఉందని అమ్మని అడిగాడు. అమ్మ నిలబడే రెండు తిని, మూడోది వొలుస్తూ, "పండులా ఉంది," అంది. ఆయనకి అది చాలు. భాయ్ కిందికొచ్చి, తిని, "ఇంత తీపేందన్నా," అని గౌరవంగా అడిగాడు. నాన్న పైకప్పుకేసి చూపిస్తూ, "మీ బెడ్‌రూమ్ నీళ్ళు," అన్నాడు.

కానీ అంతా ఒకేసారి పండిన గెల మర్నాటిదాకా ఆగదు. బుట్టలో అత్తాలు పేర్చుకుని నాన్నా నేనూ వీధిలో పడ్డాం. తెల్లవారుజాము విమానానికి కొన్ని గంటలే ఉన్నాయి, సూట్‌కేసులు ఇంకా తూకం వెయ్యలేదు, అమ్మ ఫోన్ మీద ఫోన్. ఆయనకి తొందరేమీ లేదు. ఆకులు అడిగిన ప్రతి ఇంటికీ వెళ్ళాడు. ఉగాదికి ఉత్తచేతులతో వెళ్ళినావిడ తలుపు తీసి, అత్తం అందుకుని, పచ్చగా ఉండటం చూసి మర్యాదగా, "పండాక తింటాం అన్నయ్యగారూ," అంది.

"పండిందమ్మా. ఇప్పుడే తినండి."

ఆవిడ నా వైపు చూసింది. నేను భుజాలెగరేశాను. నాన్న గుమ్మంలోనే నిలబడ్డాడు, బుట్ట కింద పెట్టి, చేతులు కట్టుకుని. ఆవిడ ఒకటి విరిచి, వొలిచి, కొరికి, కళ్ళు పెద్దవి చేసి, ఇంకో కొరుకు కొరికింది. పండు మొత్తం అయ్యేదాకా ఆయన కదల్లేదు. అయ్యాక ఆ పచ్చ తొక్కని రుజువుగా అడిగి తీసుకుని, పక్కింటి బెల్లు కొట్టాడు.